పట్టిక కింద ఒక పేజీ

ఎక్స్‌రే ఫిల్మును ఒక మూల పట్టుకొని గాలిలో విదిలిస్తే పల్చటి రేకు వణికినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఇప్పటి యువ వైద్యుల్లో చాలామంది ఆ చప్పుడు విని ఉండరు. వాళ్లకు బొమ్మలన్నీ తెర మీదే పుట్టి తెర మీదే ముగుస్తాయి. మొన్న ఒంగోలులోని నా గదికి ఒక రైతు తన పాత మోకాలి ఫిల్మును చుట్టగా చుట్టి, ఎరువుల సంచిలో పెట్టుకొని తెచ్చాడు. చుట్ట విడిపోవడానికి దాన్ని రెండుసార్లు విదిలించాడు. నాకు తెలియకుండానే కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను. ఇరవై ఏళ్ల కిందటి చిరాకు ఏ మాత్రం చల్లారకుండా తిరిగి వచ్చింది. సుభానీ గారు ఏ ఫిల్మునైనా చూసే ముందు అలాగే విదిలించేవారు. తడి ఆరిందో లేదో చూస్తున్నారని మొదట్లో అనుకున్నాను. ఆరిపోయి నెల దాటినవాటిని కూడా విదిలించేవారు. ఎందుకు సార్ అని అడిగితే, "తొందరపడకుండా ఉండటానికమ్మా" అన్నారు. తొందరపడవలసిన ఫిల్ములు నలభై బల్ల మీద పడి ఉండగా అన్న మాట అది.

ఆయన గుంటూరులో నేను పీజీ చదివిన ఆస్పత్రిలో రేడియాలజీ ఆచార్యులు, నా థీసిస్‌కు మార్గదర్శకులు. ప్రత్తిపాడు దగ్గర మిరప, పత్తి పండించే కుటుంబంలో పుట్టారు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. పొలం అవతలి గట్టున ఉన్నవాళ్లను పిలుస్తున్నట్టుండే గొంతు. పేరు చెప్పుకోదగిన వ్యాసాలేమీ రాయలేదు. ఆయనను చూడని వారికి ఆయన ఎలాంటివారో చెప్పాలంటే నేను ముందుగా నా సంగతి కొంత చెప్పుకోవాలి. కాలేజీలో నేను వక్తృత్వ పోటీల మనిషిని. ఏ అంశం ఇచ్చినా, ఏ పక్షం ఇచ్చినా, ఎదుటి వాదనలో మొదట కూలేది ఎక్కడో వెతికి పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆధారం లేని మాట వింటే ఊరుకోలేకపోయేదాన్ని. దాన్ని సత్యం మీద ప్రేమ అనుకునేదాన్ని. అందులో కొంత నిజమూ ఉంది.

నా థీసిస్ అంశం మోకాలి గుజ్జు. ఎముకల చివరలను కప్పి ఉండే నున్నటి పొరనూ, వాటి నడుమ ఉండే అర్ధచంద్రాకారపు మెత్తలనూ కలిపి మా వైపు జనం గుజ్జు అంటారు. అది దెబ్బ తింటే కనిపెట్టడానికి ఆనాడు మాకు మూడు దారులున్నాయి. ఎక్స్‌రేకు గుజ్జు కనపడదు. ఎముకలు కనపడతాయి, వాటి మధ్య ఖాళీని బట్టి గుజ్జు సంగతి ఊహించాలి. అల్ట్రాసౌండ్‌కు మెత్తల అంచులూ కీలులో చేరిన నీరూ కనపడతాయి, కాలు కదులుతుండగా చూడవచ్చు. అయితే ఎముక చాటున ఉన్నది కనపడదు, పైగా పరికరం పట్టుకున్న చేతిని బట్టి బొమ్మ మారుతుంది. ఎమ్మారైకి దాదాపు అన్నీ కనపడతాయి, నొప్పితో సంబంధం లేనివి కూడా. ఈ మూడింటినీ పోల్చి, సర్జను సన్నని గొట్టం దింపి కీలు లోపల కళ్లతో చూసిన దానితో సరిచూసి, ఏది ఎంత నమ్మదగినదో తేల్చాలి. తేలేదేమిటో నాకు ముందే తెలుసనుకున్నాను. అంశం పట్టుకొని మొదటిసారి ఆయన గదికి వెళ్లినప్పుడు, సంభాషణ మొదలుపెట్టడానికని అడిగాను.

"సార్, గుజ్జు గాయానికి ఈ మూడింటిలో ఏది మేలంటారు?"

"ఎవరి మోకాలికి?"

"ఎవరిదైనా."

"ఎవరిదైనా అనే మోకాలు నేనింతవరకు చూళ్లేదమ్మా. ఎక్కడైనా ఉంటే పట్టుకురా, చూద్దాం."

బయటికి వచ్చి ఆ జవాబును నిలువునా చీల్చాను, మనసులో. వైద్యశాస్త్రమంతా ఎవరిదైనా అనే మోకాలి మీదే నిలబడి ఉంది. ఒక్కొక్క మోకాలికి ఒక్కొక్క శాస్త్రం ఉంటే ఇక పుస్తకాలెందుకు? ఆ మాట మర్నాడు ఆయనతోనే అన్నాను. "పుస్తకాలు కావాలి. నేనూ చదివాను గదా" అని చీరాల నుంచి వచ్చిన ఒక చేనేతకారుడి కేసు నా చేతిలో పెట్టారు. గుంత మగ్గం మీద, కాళ్లు గుంతలోకి దించి తొక్కే పని. వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాపి తీసిన ఎమ్మారైలో నాకే దోషమూ కనపడలేదు. ఆయన ఆ మనిషిని బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, అల్ట్రాసౌండ్ పరికరాన్ని మోకాలి లోపలి వైపు ఆనించి, "మగ్గం తొక్కినట్టు తొక్కవయ్యా" అన్నారు. నాలుగో తొక్కుడుకు చిట్లిన మెత్త అంచు బయటికి ఉబకడం తెర మీద కనపడింది.

"ఇది మీ చేతి నేర్పు సార్, పరీక్ష గొప్ప కాదు. నా చేతిలో కనపడనిది పరీక్ష ఎలా అవుతుంది?" అన్నాను.

"నీ చేతిలో కనపడేదాకా నేర్చుకో మరి."

"అది జవాబు కాదు సార్."

బల్ల మీది మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీరు తేల్చుకునే లోపల నేను చీరాల బండి అందుకోవచ్చా అండీ?" అని అడిగాడు. సుభానీ గారు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన పద్ధతులు కొన్ని నాకు నచ్చినవీ ఉన్నాయని న్యాయంగా ఒప్పుకోవాలి. ఒక మోకాలిని ముగ్గురు చదివితే ముగ్గురూ విడివిడిగా చదవాలి, ఒకరి మాట ఇంకొకరికి తెలియకూడదు. సిరాతో రాయాలి. మాట మార్చుకుంటే చెరపకూడదు. పాత మాట చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత గీసి, పక్కన కొత్తది రాయాలి. ఒక ప్రతి సర్జనుకు వెళుతుంది, ఇంకో ప్రతి కవరులో పెట్టి అతికించి బిస్కెట్ల రేకు డబ్బాలో వేయాలి. కేసు ముగిశాక తెరిస్తే ఎవరి తెలివి ఎంతో ఆ డబ్బా తేలుస్తుంది. ఇంతవరకు బాగుంది. దీనితో పాటు ఆయన మరో నియమం పెట్టారు: ఫిల్ము చదివే ముందు రోగి మోకాలు చూడాలి, చేత్తో తాకాలి, ఏం పని చేస్తారో అడగాలి. ఈ రెండు నియమాలూ ఒకదాని పీక ఒకటి నొక్కుతాయని నేను పట్టుకున్నాను.

ఇరవై నిమిషాలు మాట్లాడాను. రోగి కుంటడం చూసినవారు ఫిల్ములో గాయం కోసమే వెతుకుతారు. అప్పుడు మనం కొలిచేది ఫిల్మును కాదు, కుంటును. పరీక్షల మధ్య పోలిక నిజాయితీగా జరగాలంటే చదివేవారికి మోకాలి నంబరు తప్ప మరేమీ తెలియకూడదు. మూడు ఉదాహరణలిచ్చాను, ఆయన అడగబోయే రెండు ప్రశ్నలను నేనే లేవదీసి కొట్టిపారేశాను. ఆయన కళ్లు మూసుకొని విన్నారు.

"బాగుంది. నా దగ్గర జవాబు లేదమ్మా. నీ థీసిస్ వరకు నీ పద్ధతే కానీ" అన్నారు. కళ్లు తెరిచి, "నువ్వు పాటిస్తే నేనూ పాటించాలి. అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు రోగిని చూడక తప్పదు నాకు. చూసింది మాత్రం ఎవరికీ చెప్పను" అన్నారు. ఆచార్యులను వాదనలో ఓడించానని హాస్టల్లో ఆ వారమంతా నాకు మంచి పేరు.

మార్చి నెల వచ్చింది. గుంటూరులో ఆ నెలలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చినా బట్టల్లో ఇంత మిరప ఘాటు తెస్తారు. మా ఎక్స్‌రే గది ముందు వరుసలో తుమ్ములు ఆగేవి కావు. ఒక రోజు నా బల్ల మీదికి ఒక నంబరుతో మోకాలి ఫిల్ము వచ్చింది. ముందు నుంచి తీసిన బొమ్మలో, కీలు సందు లోపలి వైపున, వడ్లగింజంత తెల్లటి ముక్క. పక్క నుంచి తీసిన బొమ్మలో మోకాలి ముందు భాగం ఎక్స్‌రే మోతాదు ఎక్కువై నల్లగా మాడిపోయి ఏమీ తేలలేదు. ఇంకొకటి తీయించమని అడగవలసింది, అడగలేదు. "గుజ్జుతో పాటు విరిగి కీలులో పడిన ఎముక పెచ్చు కావచ్చు" అని రాశాను. 'కావచ్చు' అనడం పిరికితనంలా తోచింది. దాని మీద ఒక్క గీత గీశాను. పక్కన సంతకం పెట్టాను.

ఆ మోకాలు సామ్రాజ్యం అనే ఆవిడది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ప్రత్తిపాడు పక్క పల్లె, నలభై ఏళ్లుంటాయి. కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే పని. పొద్దున గొంతుక్కూర్చుంటే సాయంత్రం దాకా అలాగే. పేర్చిన టిక్కీల, అంటే మిరప బస్తాల, మీది నుంచి దిగుతూ జారి మోకాలు మెలితిప్పుకుంది. ఎమ్మారై యంత్రం ఆ వారం మరమ్మతులో ఉంది. అల్ట్రాసౌండ్‌లో ఏమున్నా, ఎక్స్‌రేలో ముక్క అంత స్పష్టంగా కనపడుతుంటే ఇంకా దేనికి ఆగడమని సర్జను ఆవిణ్ణి గురువారం జాబితాలో వేశారు. గొట్టం దింపి చూసే పరికరానికి చాలా రోజుల వరుస ఉంది కనక మోకాలు కోసి తెరిచి ముక్క తీయాలని నిర్ణయం. అలా తెరిచిన మోకాలితో మళ్లీ గొంతుక్కూర్చోవడం కష్టం. ఆవిడకు తెలిసిన పని అదొక్కటే.

బుధవారం ఉదయం సుభానీ గారు నా గదికి వచ్చారు. ఆపరేషన్ల జాబితా కాగితం ఆయన చేతిలో ఉంది.

"నీ కాగితంలో ముక్క ఉందా?"

"డబ్బా తెరిచేదాకా చెప్పకూడదు గదా సార్. మనం ఒప్పుకున్నాం."

ఈ మాట నేను నిజంగానే అన్నాను. నా జీవితంలో తిరిగి తీసుకోవాలనిపించే వాక్యాల్లో ఇది మొదటిది.

"రేపు పొద్దున ఆవిడ మోకాలు కోస్తారు. నా కాగితంలో ముక్క లేదు. ఇదిగో, నేను నియమం తప్పాను. నువ్వు తప్పుతావా, లేదా?"

ముక్క ఉందని చెప్పడానికి నాకు కొన్ని క్షణాలు పట్టాయి. అన్ని పట్టకూడదు.

వార్డులో సామ్రాజ్యం కాలు చాపుకొని కూర్చుని ఉంది. ఆవిడ ఆడబిడ్డ అట్టముక్కతో విసురుతోంది. మోకాలికి పాత చీర పేలిక కట్టి ఉంది. సుభానీ గారు దాన్ని విప్పించారు. లోపల ఎర్రగా, ఎండి పెళుసెక్కిన మందపాటి పట్టు.

"ఇదేంది? మొన్న అల్ట్రాసౌండ్ చేసేటప్పుడు వేణ్నీళ్లతో కడిగించాను గదమ్మా?"

"కడిగారయ్యా. మా ఆడబిడ్డ మళ్లీ పెట్టింది. పసుపూ సున్నం పడితే వాపు లాగుద్ది."

"ఎక్స్‌రే తీసినప్పుడూ ఇది ఉందా?"

"ఎందుకు లేదూ. ఆ బాబు కట్టు విప్పమనలా, నేను విప్పలా. కోక పైకి తియ్యమని ఆడమనిషినెట్టా అడుగుతాడు? మంచోడు, కట్టు మీదే తీసి పంపిచ్చాడు."

ఆడబిడ్డ సంజాయిషీగా అందుకుంది. "మొదటిసారి హడావిడిగా కలిపానండీ, సున్నం నలగలా. ఈసారి బాగా నూరా."

సుభానీ గారు పట్టు అంచున వేలితో తడిమారు. బాగా నూరానన్న సున్నంలోనూ ఒక గింజ దొరికింది. దాన్ని గిల్లి నా అరచేతిలో పెట్టారు. ఏమైనా అని ఉంటే బాగుండేది; నాకు ఎదురు చెప్పడానికి ఒక వాక్యం దొరికేది.

మోకాలు కడిగించి మళ్లీ ఎక్స్‌రే తీయించాం. ముక్క లేదు. మొదటి ఫిల్ములో ఎముకలా తెల్లగా పడింది చర్మం మీది సున్నం గింజ. జాబితాలో ఆవిడ పేరు కొట్టేస్తూ సర్జను, "మీరిద్దరూ ఒకే అంతస్తులో ఉంటారు. మాట్లాడుకోరా?" అని అడిగారు. ఎముక పెచ్చు చూసిన నాకు సున్నం సంగతి తెలియదు. సున్నం చూసిన ఆయనకు ఎముక పెచ్చు సంగతి తెలియదు. మేము ఒకరికొకరు చెప్పుకోకూడదని నేనే ఇరవై నిమిషాలు నిరూపించాను. తర్వాత తీసిన ఎమ్మారైలో లోపలి మెత్త అంచున చిన్న చిరుగు ఉన్నట్టు తేలింది. ఆయన కవరులోనూ అదే ఉంది. కత్తి అక్కర్లేదు, కొన్నాళ్ల విశ్రాంతి, వ్యాయామం, గొంతుక్కూర్చోకుండా పీట మీద కూర్చోవడం చాలన్నారు. ఆవిణ్ణి పంపేశారు.

ఇక థీసిస్. ఈ కేసును వదిలేయాలన్నాను. కీలు లోపల కళ్లతో చూడలేదు కనక తుది నిర్ధారణ లేదు. తుది నిర్ధారణ లేని కేసు పట్టికలో ఉండటానికి వీల్లేదు. పైగా అది సరిగా తీయని ఎక్స్‌రే. రెండూ నిర్దుష్టమైన కారణాలు. ఇవాళ ఏ పరీక్షకుడి ముందైనా వాటిని నిలబెట్టగలను.

"పట్టికలో వద్దు. ఒప్పుకున్నాను. పట్టిక కింద రాయి."

"పట్టికలో లేనిదాన్ని పట్టిక కింద ఎందుకు రాయాలి సార్?"

"జరిగింది గనక."

"జరిగినవన్నీ రాస్తే అది థీసిస్ కాదు, దినచర్య అవుతుంది."

"అవనీ."

ఇటువంటి మనిషితో ఏం వాదిస్తాం? వారం తర్వాత నా ఫైలులో ఆయన చేతిరాతతో ఒక కాగితం కనపడింది. "రోగి మోకాలి మీద సున్నం పట్టు నేను చూశాను. కడిగించి నా పని చేసుకున్నాను. ఎక్స్‌రే గదికి చెప్పలేదు. చెప్పవలసింది." కింద సంతకం. దాని కింద సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీ నా కోసమని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫైలు తెరిచినప్పుడల్లా ఆ పేజీని వెనక్కి తిప్పేదాన్ని. నా దగ్గర రెండు కారణాలున్నాయి, రెండూ నిర్దుష్టమైనవే.

మే నెలలో సామ్రాజ్యం మళ్లీ చూపించుకోవడానికి వచ్చింది. ఆయన దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"సుభానీ డాక్టరుగారు మిమ్మల్నే అడగమన్నారమ్మా. చదివింది మీరేనంట. ఆ ముక్క ఇప్పుడు యాడుంది?"

"ఏ ముక్క?"

"నా మోకాట్లో ఉందన్నారే, అది. ఆపరేషను వద్దన్నారు, సంతోషమే. ముక్క మాత్రం లోపలే ఉండిపోయింది గందా. అది జారి యాడికి పోద్దోనని నేను కల్లానికి పోలా. పీట మీద కూర్చోమన్నారు, పీట మీదా కూర్చోలా. బస్సు మెట్టెక్కాలన్నా భయమే."

జాబితాలో పేరు కొట్టేసిన రోజు అందరం అన్నీ మాట్లాడుకున్నాం, సర్జనుతో, ఎక్స్‌రే గదితో, మాలో మేము. ముక్క లేదన్న సంగతి ఆవిడతో ఎవరూ అనలేదు. చెప్పవలసింది, ఉందని రాసిన నేను. నాకు అలవాటు కొద్దీ నోట్లో మూడు వాక్యాలు తయారయ్యాయి: కట్టు విప్పకుండా తీయడం, సున్నం గింజ, పక్క బొమ్మ మాడిపోవడం. మూడూ నిజాలే. మూడింటిలోనూ నేను లేను.

"ముక్క లేదమ్మా. ఎప్పుడూ లేదు. నేను తప్పు చదివాను. మీ మోకాలు చూడకుండా చదివాను."

ఆవిడ కాలు ఒకసారి మడిచి చాపింది. మళ్లీ మడిచింది.

"అసలు లేదా?"

"లేదు."

"అయితే ఇన్నాళ్లూ నేను దేనికి భయపడ్డట్టమ్మా?"

ఆవిడే కొంగు సర్దుకుని, "సరేలే. కోతలైపోయినయ్. కాయలింకా యాడన్నా ఉన్నయ్యేమో పోయి చూస్తా" అంది. గుమ్మం దాటుతూ, కోపం లేకుండానే, "ముందే ఒక మాట చెప్పుంటే బాగుండేది" అంది.

ఆ మధ్యాహ్నమే ఆ సగం పేజీ నింపాను. రోగిని చూడకుండా చదవాలన్న పద్ధతి నాదని, ఆచార్యుల నియమానికి ఎదురు వాదించి నెగ్గించుకున్నానని, 'కావచ్చు' అన్న మాటను నేనే కొట్టేశానని, ముక్క లేదన్న సంగతి రోగికి రెండు నెలల దాకా చెప్పలేదని, ఆ భయంతో ఆవిడ సీజను పోగొట్టుకుందని. సుభానీ గారు మొత్తం చదివి ఒకే ఒక్క దిద్దుబాటు చేశారు. మొదటి వాక్యంలో నేను 'దురదృష్టవశాత్తూ' అని రాశాను. దాని మీద ఒక్క గీత గీశారు.

థీసిస్‌లో చివరికి తేలింది నేను మొదటి రోజు అనుకున్నదే. మొత్తం మీద ఎమ్మారై ముందుంది, మెత్తల అంచుల విషయంలో తర్ఫీదైన చేతిలో అల్ట్రాసౌండ్ దానికి దగ్గరగా వచ్చింది, ఎక్స్‌రే ఆఖరున నిలిచింది. నేనే గెలిచాను. అయితే ఆ థీసిస్‌ను లైబ్రరీలో తీసుకున్నవారెవరూ నాతో నా పట్టికల గురించి మాట్లాడలేదు. అందరూ ఆ పేజీ గురించే అడిగారు. ఇది నాకు ఇప్పటికీ చిరాకే.

ఆయన రిటైరయ్యాక ఒకసారి ప్రత్తిపాడు వెళ్లి నేరుగా అడిగాను, ఆ రోజు నా వాదన తప్పని తెలిసి ఎందుకు ఒప్పుకున్నారని. గురువుగా అడ్డు చెప్పడం మీ బాధ్యత కాదా అన్నాను. గొంతు పెంచే అడిగాను.

"తప్పని తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదమ్మా. నాకు నిజంగానే జవాబు తోచలేదు" అన్నారు. "నువ్వు కొంచెం తక్కువ బాగా మాట్లాడి ఉంటే, మనం ఆవిడ మోకాలు చూసి ఉండేవాళ్లం."

ఆయన పోయి కొన్నేళ్లయింది. నా ఫిర్యాదు అలాగే ఉంది: ఓడిపోకూడని చోట ఆయన ఓడిపోయారు. నేను మాత్రం ఇప్పుడు తెర మీద బొమ్మ తెరవక ముందు బయటికి వెళ్లి మోకాలు చూస్తాను, ఏం పని చేస్తారో అడుగుతాను, కట్టు ఉంటే విప్పిస్తాను. నా దగ్గర పని చేసేవాళ్లు గడియారం చూసుకుంటారు. ఇప్పటికీ తప్పు చదువుతాను, ఆర్నెల్లకో ఏడాదికో ఒకటి. అప్పుడు సర్జనుతో పాటు రోగికి కూడా నేనే ఫోను చేసి చెబుతాను. సామ్రాజ్యానికి చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఒక రోజు పడుతోంది. ఆయన ఉండి ఉంటే ఆ ఒక్క రోజు దేనికమ్మా అని అడిగేవారు. ఆ ప్రశ్నకు మంచి జవాబే చెప్పగలను. అందుకే జవాబు తయారయ్యే లోపల ఫోను అందుకుంటాను.